శ్రవ్యకథయు ముద్రితప్రతియు

కావ్యము దృశ్యమనియు శ్రవ్యమనియు రెండు విధములని మన యాలంకారికులు విభజించిరి. దృశ్యమునకు రంగస్థలము, శ్రవ్యమునకు చెవి ప్రధానములు. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట శ్రవ్యకావ్యమును మనము కన్నులతో చదువుచున్నాము; దృశ్యకావ్యమును సైతము తరగతిగదిలో పుస్తకముగనే బోధించుచున్నాము. ఐనను ఆ పేళ్లను మార్చుకొనవలసిన యవసరము మనకు తోపలేదు. ఇరువదవ శతాబ్దమున రేడియో నాటకమును, ఇరువదియొకటవ శతాబ్దమున పాడ్‌కాస్టు అను పేర వ్యాపించిన ధ్వనికథయు ఈ పాతవిభాగమును మరల విచారింపవలసిన యగత్యమును కల్పించినవి. ఏలయన ఇవి కేవలము చెవికొఱకే పుట్టినవి. వీనికి రంగస్థలము లేదు, వేషము లేదు, హస్తాభినయము లేదు. అట్టివానిని అచ్చొత్తించి చదువుటవలన గలుగు నానందము వినికిడి యానందమునకు నీడయా, లేక వేఱొకటియా? ఈ ప్రశ్నను చరిత్రమార్గమున పరిశీలించుట ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

ఈ విచారమునకు ప్రేరకమైన చిన్న సంఘటనమును ముందుగా చెప్పవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట ఒక విద్యార్థి నాయొద్దకు వచ్చి, శ్రవ్యనాటికలపై పరిశోధన చేయదలచితినని చెప్పెను. బాల్యమునందే అతనికి వినికిడి చాలవఱకు పోయినది. ఎదుటివారి పెదవుల కదలికను జూచి మాటను గ్రహించును. నేను తొందరపడి, ఈ విషయము నీకు తగదు, మఱియొకటి యెన్నుకొనుమని సలహా యిచ్చితిని. అతడు వాదింపలేదు. కొంతతడవు ఊరకుండి, అచ్చుపడిన నాటికలను తాను పెక్కు చదివితిననియు, అవి తన్ను నవ్వించినవి, ఏడిపించినవి యనియు చెప్పి, తాను చదివినది ఆ నాటికలనేనా, లేక మఱిదేనినైననా యని వినయముతో నన్నడిగెను. ఆనాడు నాకడ సమాధానము లేకపోయెను. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా నిచ్చుచున్న సమాధానము.

ప్రసారప్రతి స్వరూపము

వాడుకలో స్క్రిప్టు అనబడుదానిని ఈ వ్యాసమున ప్రసారప్రతి యని వ్యవహరింతును. ఇది మొదట పాఠకునికొఱకు వ్రాయబడినది కాదు. నటునికి మాటను, చప్పుళ్లను కూర్చువానికి వాని తావును, నిర్వాహకునికి కాలపరిమితిని తెలుపు పనిముట్టు. ప్రసారము ముగిసినంతనే దీని పని తీఱినట్లే. ప్రసారమునకు ముందు నిర్వాహకుడు కొన్ని పంక్తులను కొట్టివేయును. నటుడు నోట తిరుగని మాటను మార్చుకొనును. కాలము మించినచో ఘట్టములు కుదింపబడును. కావున ప్రసారప్రతి వేఱు, ప్రసారమైన ధ్వని వేఱు. పిమ్మట అచ్చుకొఱకు రచయిత దానిని సరిచూచినచో ఆ పుస్తకపాఠము మూడవది.

ఈ మూటి నడుమనుండు భేదములు తాళపత్రప్రతుల పాఠాంతరముల వంటివే. కాని ఒక విశేషము కలదు. తాళపత్రములలో అక్షరమునకు అక్షరమే సాక్షి. ఇచట అక్షరమునకు ధ్వనియు, ధ్వనికి అక్షరమును సాక్షులు. ఒక సాక్షి నశించినచో రెండవదానినే నమ్మవలసివచ్చును. ఏ కాలమున ఏ సాక్షి నిలిచినదను విషయమునుబట్టి ప్రసారప్రతుల ముద్రణచరిత్రను రెండు ఘట్టములుగ విభజింపవచ్చును.

ధ్వని నిలువని కాలము

రేడియోకొఱకే ప్రత్యేకముగ వ్రాయబడిన తొలి నాటకములలో రిచర్డ్ హ్యూస్ రచించిన 'డేంజర్' ముఖ్యమైనది. ఇది 1924 జనవరి 15వ తేదీన లండనునుండి బి.బి.సి. ద్వారమున ప్రసారమయ్యెను. వేల్సు దేశమునందలి యొక బొగ్గుగనిని చూడవచ్చినవారు దీపములారిపోయి చీకటిలో చిక్కుకొందురు. నీరు పైకి వచ్చుచుండును. ఇతివృత్తమును ఎన్నుకొనుటలోనే రచయిత నేర్పు కలదు. పాత్రలకు కన్ను పనిచేయదు. శ్రోతకును కన్ను పనిచేయదు. ఇరువురును సమానస్థితి యందుందురు. ఆ రాత్రి పలికిన గొంతులు నేడు మనకు వినరావు. నాటకము మాత్రము కాగితముపై నిలిచినది. దానిని నేడు దీపపుకాంతిలో చదువువాడు, తాను చూచుచున్నానను సంగతినే మఱచి చదువవలెను. ప్రసారప్రతిని చదువుటలోని మొదటి కష్టమును మొదటి యానందమును ఇదియే: పాఠకుడు తన కన్నును చెవిగా మార్చుకొనవలసియుండుట.

అమెరికాలో 1937 ఏప్రిల్ 11న కొలంబియా ప్రసారసంస్థవారు ఆర్చిబాల్డ్ మెక్లీష్ రచించిన 'ది ఫాల్ ఆఫ్ ది సిటీ' యను పద్యనాటకమును ప్రసారము చేసిరి. నగరమును జయింపవచ్చు విజేతను ఎదిరింపక ప్రజలు స్వయముగా లొంగిపోవుట ఇందలి కథ. చూచినది చూచినట్లు చెప్పు ప్రకటనకర్త ఇందు ప్రధానపాత్ర. ఆ పాత్రను ఆర్సన్ వెల్స్ ధరించెను. చివరకు విజేత శిరస్త్రాణమును తెఱచినపుడు లోపల నెవ్వరును లేరు. ఆ శూన్యమును చూచినవాడు ప్రకటనకర్త యొక్కడే. ప్రజలు నేలకు వ్రాలి కన్నులు మూసికొనియుందురు. శ్రోతకు చూచు వీలే లేదు. ఈ నాటకము అదే సంవత్సరమున గ్రంథముగ వెలువడెను. రేడియో కవిత్వమును మరల చెవికి అప్పగించుచున్నదని వాదించుచు కవి దానికి పీఠిక వ్రాసెను. చెవికి మేలు జరిగినదని చెప్పు పీఠిక కన్నుకొఱకు అచ్చగుట గమనింపదగిన విషయము. రేడియో నాటకము సాహిత్యముగ గణింపబడవలెనన్నచో దానికి పుస్తకరూపము తప్పదని ఆనాటి రచయితలు గ్రహించిరి. లూయిస్ మెక్నీస్ తన 'క్రిస్టఫర్ కొలంబస్' నాటకమును 1944లో అచ్చొత్తించినపుడు రేడియో నాటకస్వరూపమును వివరించు వ్యాసమును దానికి జోడించుటయు ఈ దృష్టితోనే.

మూడవ యుదాహరణము వేఱు విధమైనది. 1938 అక్టోబరు 30న హెచ్. జి. వెల్స్ నవల 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' రేడియో నాటకముగ అమెరికాలో ప్రసారమయ్యెను. ప్రసారప్రతిని హోవర్డ్ కోక్ రచించెను. నిర్వహణము ఆర్సన్ వెల్స్‌ది. కథలో పెద్దభాగము వార్తాప్రకటనల రూపమున నడచుటచే కొందఱు శ్రోతలు అంగారకగ్రహవాసుల దాడి నిజమనియే భయపడిరి. ఆ భీతి దేశమంతటను వ్యాపించినదని పత్రికలు వ్రాసినది చాలవఱకు అతిశయోక్తియని తరువాతి పరిశోధకులు తేల్చిరి. మన విషయమునకు ముఖ్యమైన దేమనగా, 1940లో హాడ్లీ కాంట్రిల్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఈ భీతిని పరిశీలించుచు రచించిన గ్రంథమున ఆ ప్రసారప్రతి సమగ్రముగ అచ్చయినది. ఇచట ముద్రణకు ప్రయోజనము ఆనందము కాదు, ప్రమాణము: శ్రోతలు వినిన మాటలేవియో పాఠకుడు స్వయముగ చూడవలెనని.

అయితే ఆ ప్రమాణము సంపూర్ణమైనది కాదు. పుస్తకమును తెఱచినవానికి ఇది నాటకమను ప్రకటన మొదటనే కనబడును. ప్రసారమునందును ఆ ప్రకటన యున్నది. కాని ఆలస్యముగా రేడియో త్రిప్పినవారు దానిని వినలేదు. పుస్తకమునకు ఆలస్యముగా వచ్చువాడు లేడు. ఎవడైనను మొదటి పుటనుండియే ప్రారంభించును. సందేహము కలిగినచో వెనుకకు త్రిప్పి చూచుకొనును. వినికిడిలో కాలము శ్రోతను లాగికొనిపోవును. చదువులో కాలము పాఠకుని చేతిలో నుండును. మాటలన్నియు అవియే యైనను ఈ భేదముచే భయము చదువరికి అందదు. ఆ భయము ఎట్లు కల్పింపబడినదో మాత్రము స్పష్టముగ అందును.

ఒక ప్రతి, ఒక వ్యాజ్యము

ప్రసారప్రతికి గల విలువ న్యాయస్థానము వఱకు పోయిన యుదంతమొకటి కలదు. డిలన్ థామస్ అను వేల్సుకవి 'అండర్ మిల్క్ వుడ్' నాటకమును గొంతులకొఱకైన నాటకమని పేర్కొని రచించెను. 1953 అక్టోబరున, అమెరికా ప్రయాణమునకు ముందు, అతడు తన వ్రాతప్రతిని లండనులో ఎచటనో పోగొట్టుకొనెను. బి.బి.సి. నిర్వాహకుడు డగ్లస్ క్లెవర్డన్ అంతకుముందే దానికి టైపుప్రతులు తీయించియుండుటచే నాటకము నిలిచినది. మూలప్రతి దొరకినచో నీవే యుంచుకొనుమని కవి అతనితో చెప్పి, తాను తిరిగిన మద్యశాలల పేళ్లు చెప్పెను. వానిలో నొకదానియందు క్లెవర్డనుకు ఆ ప్రతి దొరకెను. కవి అదే సంవత్సరము నవంబరు 9న న్యూయార్కులో మరణించెను. 1954 జనవరి 25న నాటకము ప్రసారమయ్యెను. అదే సంవత్సరమున డేనియల్ జోన్స్ పరిష్కరణమున గ్రంథముగను వెలువడెను. తరువాత ఆ వ్రాతప్రతి విక్రయింపబడగా కవిభార్య దానిని కోరుచు వ్యాజ్యము వేసెను. 1966లో న్యాయస్థానము కవి యిచ్చిన దానము చెల్లునని తీర్పు చెప్పెను.

ఈ యుదంతమున రెండు విషయములు గ్రహింపదగినవి. మొదటిది: గొంతులకొఱకు వ్రాసిన నాటకమునకు సైతము మూలమేది యను ప్రశ్న కలిగినపుడు అందఱును కాగితమునే వెదకిరి. రెండవది మఱింత సూక్ష్మమైనది. ఈ నాటకమునందలి యూరిపేరు చూచుటకు వేల్సుభాషాపదమువలె నుండును. దాని యక్షరములను చివరినుండి మొదటికి చదివినచో ఒక మోటు ఆంగ్లపుమాట వచ్చును. ఈ చమత్కారము చెవికి పట్టుబడదు, కన్నునకే కనబడును. 1954 నాటి ముద్రణమున మర్యాదకై ఆ వర్ణక్రమమును కొంత మార్చిరి. చెవికొఱకు వ్రాయుచున్న కవి కన్నునకై ఒక పరిహాసమును దాచియుంచెను. కావున ప్రసారప్రతియందు పాఠకునికై ఏమియు ఉండదను వాదము మొదటికే నిలువదు. వ్రాయువాడు కాగితముపై వ్రాయుచున్నంతకాలము చదువరి యొకడు అతని మనస్సున నుండనే యుండును.

ధ్వని నిలిచిన కాలము

ధ్వనిని ముద్రించి ఇంటింట దాచుకొను సాధనములు వ్యాపించిన పిమ్మట ప్రసారప్రతికి సాక్ష్యభారము తగ్గెను. అట్లయినచో దాని ముద్రణము నిలిచిపోవలెను గదా! కాని జరిగినది వేఱు. డగ్లస్ ఆడమ్స్ రచించిన 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' 1978 మార్చి 8న బి.బి.సి. రేడియోలో ప్రారంభమయ్యెను. మఱుసటి సంవత్సరమే దానిని ఆడమ్స్ నవలగ వ్రాసెను. కథ కావలసినవారికి నవల యున్నది. ధ్వని కావలసినవారికి ధ్వని యున్నది. ఐనను 1985లో మూలప్రసారప్రతులు గ్రంథముగ వెలువడినవి. నిర్వాహకుడు జెఫ్రీ పెర్కిన్స్ ప్రతి భాగమునకును విషయసూచికలు వ్రాసెను. ఏ మాట ఎప్పుడు చేర్చబడెను, ఏ చప్పుడు ఎట్లు కల్పింపబడెను అను సంగతులు వానివలన తెలియును.

ఇట్లు ప్రసారప్రతి సటీక గ్రంథముగ మాఱెను. మూలమును మున్నే యెఱిగినవాడు వ్యాఖ్యానముకొఱకు దానిని చదువును. మన పండితులు భారతభాగవతములను కంఠస్థము చేసియుండియు టీకాసహితమైన ప్రతిని తెఱచుట వంటిదే యిది.

నైట్ వేల్ కథ

పాడ్‌కాస్టు అను పదము 2004 ఫిబ్రవరిలో 'గార్డియన్' పత్రికయందు బెన్ హామర్స్లీ వ్రాసిన వ్యాసమున మొదట కనబడినది. అంతర్జాలముద్వారా శ్రోత తన యిష్టము వచ్చినపుడు తెచ్చుకొని వినదగిన ధ్వనిభాగముల పరంపర యని దీని యర్థము. ఇందు ప్రసారవేళ లేదు, తప్పిపోవుట లేదు, ధ్వని ఎల్లప్పుడును లభించును. ఇట్టి మాధ్యమమున వెలువడిన కల్పితకథలలో జోసెఫ్ ఫింక్, జెఫ్రీ క్రేనర్ అను నిరువురు రచించిన 'వెల్కమ్ టు నైట్ వేల్' మిక్కిలి ప్రసిద్ధమైనది. ఇది 2012 జూన్ 15న ప్రారంభమై నెలకు రెండుమాఱులు వెలువడుచు వచ్చెను. 2013 జులైనాటికి అమెరికాలో అత్యధికముగ దిగుమతి చేసికొనబడు పాడ్‌కాస్టులలో అగ్రస్థానమును పొందెను.

దీని రూపము పాతరేడియోకు సంబంధించినది. అమెరికా నైరృతిదిక్కునందలి యెడారిలో నైట్ వేల్ అను కల్పితమైన చిన్నయూరు కలదు. ఆ యూరి రేడియోలో సెసిల్ అను ప్రకటనకర్త వార్తలు చదువుచుండును. ఆ పాత్రకు సెసిల్ బాల్డ్విన్ అను నటుడు గొంతునిచ్చెను. వార్తలన్నియు వింతలు. పురపాలకసంఘమువారు కుక్కలకొఱకు ఉద్యానవనము నిర్మించిరి. అందు కుక్కలకు ప్రవేశము లేదు, మనుష్యులకును లేదు. పాఠశాలలోని వ్యాయామశాలయందు విమానమొకటి క్షణకాలము కనబడి మాయమగును. ఒక వృద్ధురాలి యింటికి దేవదూతలు వచ్చి పనులలో తోడ్పడుచున్నారు. ఇట్టి సంగతులను, మన యూరి నీటిసరఫరా వేళలను చెప్పినంత సహజముగ ప్రకటనకర్త చెప్పుచుండును. నడుమ నడుమ, ఊరికి క్రొత్తగా వచ్చిన కార్లోస్ అను శాస్త్రజ్ఞునిపై తనకు గల ప్రేమను దాచుకొనలేక బయటపెట్టుకొనును. వాతావరణమును తెలుపుదునని చెప్పినంతనే వాతావరణమునకు బదులు ఒక పాట వినవచ్చును.

ఈ ధారావాహికయొక్క ప్రసారప్రతులు 2016లో రెండు సంపుటములుగ వెలువడినవి. 'మోస్ట్లీ వాయిడ్, పార్షియల్లీ స్టార్స్' అనునది మొదటి సంవత్సరపు భాగముల సంపుటము. 'ది గ్రేట్ గ్లోయింగ్ కాయిల్స్ ఆఫ్ ది యూనివర్స్' రెండవది. 2019లో 'ది బయింగ్ ఆఫ్ లాట్ 37', 'హూజ్ ఎ గుడ్ బాయ్?' అను మఱి రెండు వెలువడినవి. రచయితలు, నటులు వ్రాసిన పరిచయములును, జెసికా హేవర్త్ గీసిన చిత్రములును వీనియందు కలవు. వెల లేక వినదగినదానిని వెలపెట్టి కొని చదువువారు కలరనుట ఈ సంపుటములవలన ఋజువగుచున్నది. వారు దేనికొఱకు చదివిరి?

చదువులోని లాభము

నేను మొదటి సంపుటమును చదివిన పిమ్మటనే ధ్వనిని వింటిని. అమెరికా యుచ్చారణము నాచెవికి త్వరగా పట్టుబడకపోవుట దీనికి కారణము. ఈ లోపమే నాకు పరీక్షాసాధనమైనది. గొంతు ముందుగ తెలియనివాడు ప్రతిని ఎట్లు చదువునో నా యనుభవముననే చూచుకొనగలిగితిని.

చదువరికి మొదట కనబడునది వాక్యనిర్మాణము. నైట్ వేల్ ప్రకటనలలో ఒక క్రమము కలదు. ముందు సామాన్యమైన సమాచారము, తరువాత నిషేధము, తరువాత ఆ నిషేధమునకు కారణమువలె కనబడు మఱింత వింత, చివరకు వినయమైన కృతజ్ఞత. వినునపుడు నవ్వు వచ్చి ఈ మెట్లు దాటిపోవును. అచ్చులో చూచినపుడు కార్యాలయభాష భయమును ఎట్లు మర్యాదగ మార్చుచున్నదో తెలియును. పరిహాసముక్రింద దాగియున్న రాజకీయవిమర్శ, అనగా పౌరుని ఎల్లప్పుడును కనిపెట్టుచుండు ప్రభుత్వముపైని విమర్శ, నాకు చదువులోనే ముందుగ తట్టినది.

రెండవ యుదాహరణము 'ది శాండ్‌స్టార్మ్' అను పంతొమ్మిదవ భాగము. ఇది 2013 మార్చి 15న రెండు శకలములుగ ఒకే దినమున వెలువడెను. ఒకదానిని నైట్ వేల్ ప్రకటనకర్త సెసిల్ చెప్పును. రెండవదానిని పొరుగూరైన డెజర్ట్ బ్లఫ్స్ ప్రకటనకర్త కెవిన్ చెప్పును. ఒకే యిసుకతుపాను, రెండు ఊళ్లు, రెండు దృష్టులు. శ్రోత ఒకదాని వెనుక నొకటి వినును. మొదటిదానిలోని మాటను జ్ఞాపకముంచుకొని రెండవదానితో పోల్చుకొనవలెను. పాఠకుడు రెండు పుటలయందును వ్రేళ్లుంచి ముందునకును వెనుకకును పోవచ్చును. మన ద్వ్యర్థికావ్యముల చదువులో రెండు కథలను ఒకేమాఱు పట్టుకొని నడచు నలవాటుగలవారికి ఇందలి యానందము వేఱుగ చెప్పనక్కఱలేదు.

మూడవది 'ఎ స్టోరీ అబౌట్ యూ' అను పదుమూడవ భాగము. ఇది ఆద్యంతము మధ్యమపురుషయందు నడచును. కథానాయకుడు 'నీవు'. ఆ 'నీవు' తన కథనే రేడియోలో వినుచుండును. వినువానికి తన కథనే తాను వినుచున్నట్లగును. రూపమును విషయమును ఒకటియే. చదువువానికి అట్లు కాదు. తన కథను వినుచున్న యొకనిని గూర్చి తాను చదువుచున్నాడు; నడుమ ఒక పొర యధికముగ చేరినది. ఈ భాగము చదువులో తక్కువ భయమును, ఎక్కువ దుఃఖమును కలిగించుట నేను గమనించితిని. భయము 'నేనే' యనుకొనుటవలన పుట్టును. దుఃఖమునకు 'అతడు' అను కొంత దూరము కావలెను.

కాకువు ఎవరిది?

లాభముతోడ నష్టమును చెప్పవలెను. మొదటి నష్టము పాట. వాతావరణముతావున అచ్చులో పాటపేరు, పాడినవారిపేరు మాత్రమే యుండును. భాగమునకు ప్రాణమైన విరామము చదువరికి ఒక పంక్తిగ మిగులును. నేపథ్యసంగీతము సైతము పోవును. ఇవి పైకి కనబడు నష్టములు. చదువరి వీనిని లెక్కించుకొనగలడు.

లోతైన నష్టము గొంతుది. చదువుచున్నపుడు నేను సెసిల్ గొంతును సన్నగ, తొట్రుపాటుతో, భయమును అణచుకొనుచున్నవాని గొంతుగ భావించితిని. వాక్యములయందలి విషయమంతయు భయమే కావున నా యూహ సహజమే. పిమ్మట విన్నపుడు ఆ గొంతు గంభీరముగ, తొందరలేక, ఊరిని ప్రేమించు పెద్దమనిషి గొంతువలె వినవచ్చెను. నేను చదివిన వాక్యములే. అర్థము మాత్రము తలక్రిందయ్యెను. నేను భయపడుచున్న ఊరిని చదివితిని. వినినది భయముతోడనే కాపురము చేయుటకు అలవడి, దానిని ఇల్లుగ జేసికొనిన ఊరు.

కంఠధ్వనిభేదముచే అర్థము మాఱుటను మన శాస్త్రకారులు కాకువని యనిరి. దీనినిగూర్చి వారిలో ఒక వివాదము కలదు. రుద్రటుడు కాకువక్రోక్తిని శబ్దాలంకారములలో చేర్చెను. అనగా అది కావ్యమునందే యున్నది. రాజశేఖరుడు కావ్యమీమాంసయందు దీనిని ఒప్పుకొనలేదు. కాకువు చదువువాని ధర్మము; అభిప్రాయముతో కూడిన పఠనధర్మమేగాని కావ్యమునకు అలంకారమెట్లగునని యతని యాక్షేపణ. వేయేండ్లకు పైబడిన ఈ వాదము ప్రసారప్రతుల విషయమున క్రొత్తగా సజీవమగుచున్నది. రుద్రటుని పక్షమే నిజమైనచో సెసిల్ గొంతు వాక్యమునందే యుండవలెను. నేను మొదటిచదువునందే దానిని పట్టుకొనవలసియుండెను. రాజశేఖరుని పక్షమే నిజమైనచో ఆ గొంతు నటునిది. ప్రతితో దానికి నిమిత్తము లేదు.

నా యనుభవమునుబట్టి సత్యము ఈ రెంటికి నడుమ నున్నట్లు తోచుచున్నది. ధ్వనిని వినిన పిమ్మట ఆ సంపుటమును మరల తెఱచితిని. ఈమాఱు ఆ గొంతు వాక్యములలో స్పష్టముగ కనబడెను. కృతజ్ఞత చెప్పు తీరు, ఊరివారిని పేరుపేరున పలుకరించు తీరు, తిట్టవలసినచోట జాలిపడు తీరు, అన్నియు ఆ గొంతునే కోరుచున్నవి. మొదటిమాఱు అవి నా కంటబడియు నేను వానిని పట్టించుకొనలేదు. కావున ప్రతియందు కాకువు లేదనుటకు వీలులేదు. అది బీజరూపమున నున్నది. అయితే ఒక బీజమునుండి ఒకే చెట్టు మొలచునను నియమము ఇచట లేదు. నటుడు ఒక కాకువును ఎన్నుకొనెను. నేను మఱియొకదానిని కల్పించుకొంటిని. నాది పేలవమైనదే కావచ్చును. కాని నేను చదివి యానందించిన మాట యథార్థము.

దీనినిబట్టి ముద్రితప్రతికి ఇరువురు పాఠకులు కలరని తేలుచున్నది. విని చదువువాడొకడు. అతనికి ప్రతి స్మరణసాధనము. పుట తెఱచినంతనే గొంతు దానంతట వచ్చును, మఱియొక గొంతును తలచుటకు వీలుండదు. వినక చదువువాడు రెండవవాడు. అతనికి ఆ సాయము లేదు, ఆ నిర్బంధమును లేదు. అతడు నటుడు చేయవలసిన పనిని తాను చేయుచున్నాడు.

సమాధానము

ఇపుడు నా విద్యార్థి ప్రశ్నకు మరలి వత్తును. వినలేనివాడు చదివినది ఆ నాటికయేనా? చరిత్రనుబట్టి చూచినచో 'డేంజర్' తొలిప్రసారమును గూర్చి మనమందఱమును అతనివలె బధిరులమే. ఆ ధ్వనిని మనలో నెవ్వరును వినలేదు. ఐనను ఆ నాటకమును గూర్చి వ్యాసములు వ్రాయుచున్నాము. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఆకాశవాణికై రచించిన శ్రవ్యనాటికలను మన తరగతులలో పుస్తకమునుండియే చదువుచున్నాము. ధ్వని లభింపనపుడు చదువు చాలునని మనకు మనము అనుమతి ఇచ్చుకొని, చెవి లేనివానికి మాత్రము చాలదనుట న్యాయము కాదు. నేనిచ్చిన సలహాలో విద్యావిచారము కంటె అలవాటే యధికముగ నుండెనని ఇపుడు ఒప్పుకొనుచున్నాను.

నైట్ వేల్ విషయమున ఈ సంగతిని రసికులు ముందే గ్రహించిరి. సంపుటములు వెలువడుటకు ముందే కొందఱు అభిమానులు భాగములను విని, వ్రాతలో పెట్టి, ఇతరులకు అందించిరి. అచ్చుపుస్తకములు వచ్చిన పిమ్మట వినలేనివారికి రచయితల పాఠమే చేతికి వచ్చినది. వారికి అది అనుబంధము కాదు, అదియే మూలము.

శ్రవ్యము, దృశ్యము అను పేళ్లు రచన యే యింద్రియమును ఉద్దేశించి కూర్చబడినదో తెలుపునవి. ఏ యింద్రియము లేనివానికి అది యందరాదో చెప్పు శాసనములు కావు. చెవికొఱకు కూర్చిన వాక్యమునందలి లయ, విరామము, సంబోధనము అచ్చులోను మిగిలియుండును. వానిని గుర్తించుటకు చెవి కంటె శ్రద్ధ ముఖ్యము. చదువరి ప్రసారధ్వనిని గూర్చి తీర్పు చెప్పరాదు. శ్రోతయు ప్రతిని చూడక రచయిత నిర్మాణమును గూర్చి తీర్పు చెప్పరాదు. ఎవరి సాక్ష్యమునకు వారే పూచీ పడినచో రెండు చదువులును శాస్త్రసమ్మతములే.

మన శాఖలలో శ్రవ్యనాటికలపై పనిచేయు విద్యార్థులు ప్రసారప్రతి, లభించినచోట ధ్వనిముద్రణము, పుస్తకపాఠము అను మూటిని వేఱువేఱుగ గుర్తించి, వాని భేదములను పాఠాంతరములవలె నమోదు చేయుట మంచిది. నా విద్యార్థి తన పరిశోధనమును ముద్రితప్రతులపైననే సాగించుచున్నాడు. ప్రతియందు కాకువును సూచించు వాక్యలక్షణములేవి యనుట అతని విషయము. గొంతు వినబడుచున్న మాకు చప్పున కనబడని యా లక్షణములను అతడు ఒక్కొక్కటిగ ఏర్చి చూపుచున్నాడు. ఇందలి గుణదోషములను విజ్ఞులు విచారింతురు గాక.